సంచి మాట్లాడటం లేదట

మంగళవారం

సంచి పగిలింది.

భోజనానికి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయి, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు చెప్పారు. జేబుల్లో ఇసక, చొక్కా మడతల్లో ఇసక, ఆఖరికి మీసంలోనూ ఇసకే. నేనేమో అప్పుడే ఇల్లు తుడిచి నడుం వాల్చబోతున్నా. "ముందు బయటికెళ్ళి దులుపుకుని రండి, తర్వాత ఇద్దరం కలిసి ఏడుద్దాం" అన్నా. మామూలుగా అయితే నవ్వేవారు. ఇవాళ నవ్వలేదు.

అది ఆయన గురువుగారి సంచి. పాత కార్లకి దొరకని భాగాలు కొత్తగా చేయాలంటే చదును రేకుని ఆ ఇసక సంచి మీద పెట్టి కొయ్యసుత్తితో కొడతారు. కింద మెత్తగా ఉంటుంది కాబట్టి రేకు గుంటపడుతుంది, గుంటలన్నీ కలిసి వంపు తిరుగుతుంది. నాకు తెలిసింది ఇంతే. పెళ్ళయినప్పట్నించీ రోజూ ఆ సంచి పక్కన నిలబడి టీ ఇచ్చి వస్తున్నా. అదీ తోలే, నేనూ తోలు కుట్టుకుని బతికే మనిషినే. ఒక్కనాడైనా దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసిన పాపాన పోలేదు. ఇదేం విడ్డూరమో.

ఆయన షెడ్డులో, ఎప్పుడూ టోపీతో వచ్చే ఒక పెద్దాయన కారు ఎడమ మడ్‌గార్డ్ లేకుండా నిలబడి ఉంది. దాని విడిభాగాలు ఎక్కడా దొరకవు. నెలాఖరుకల్లా చేసి ఇస్తానని ఈయన మాటిచ్చేశారు.

"కొత్త సంచి నేను కుట్టి ఇస్తా" అన్నా.

"అది హ్యాండ్‌బ్యాగ్ కాదోయ్" అన్నారు.

ఒళ్ళు మండింది. చూపిస్తా.

బుధవారం

పగిలిన సంచిని తెచ్చుకుని ముందుగదిలో నా కుట్టుబల్ల మీద పరిచి, విప్పి చూశా. రెండు గుండ్రటి తోలు ముక్కలు, చుట్టూ కుట్టు. ఆ కుట్టు చూసి నవ్వాగలేదు. ఒకటి జానెడు, ఒకటి చిటికెడు. గురువుగారు రేకు ఎంత బాగా కొట్టేవారో గానీ సూది పట్టుకోవడం మాత్రం దేవుడికే తెలియాలి. పై తోలు నల్లగా నిగనిగలాడుతోంది, నడి మధ్యలో ఉల్లిపొర అంత పలచబడింది. లోపలి ఇసక ఇన్నేళ్ళ దెబ్బలకి నలిగి నలిగి పిండైపోయింది. అందులో ఒక చొక్కా గుండీ. ఎవరి చొక్కాదో, ఎలా వెళ్ళిందో.

సాయంత్రం ఆయన ఎదురుగా కూర్చుని అడిగా. "దూది నింపితే ఏమవుతుంది? రంపపు పొట్టు నింపితే?"

పనిలో మాట అడిగితే చాలు, ఆయనకి ఎక్కడ లేని హుషారూ వస్తుంది. "దూది వెనక్కి తంతుంది. పొట్టు అణిగిపోయి మళ్ళీ లేవదు. ఇసక అలా కాదోయ్. దెబ్బ పడినచోట తప్పుకుంటుంది, తప్పుకున్నచోటే బుద్ధిగా కూర్చుంటుంది. మళ్ళీ అరచేత్తో ఇటు తోశావనుకో, ఇటొస్తుంది." మళ్ళీ తనే, "ఇంకోటుంది. సంచి మాట్లాడాలి" అన్నారు.

"సంచేం మాట్లాడుతుందండీ!"

"రేకు సంచికి ఆనుకుని ఉన్నచోట కొడితే 'ధప్' అంటుంది. కింద ఖాళీ ఉంటే 'డంగ్' అని మోగుతుంది. ఖాళీ మీద కొట్టుకుంటూ పోతే రేకు సాగి సాగి చిరుగుతుంది. కాబట్టి ఈ పని కంటితో చేసేది కాదు, చెవితో చేసేది. ఈ మధ్య సంచి మాట్లాడటం మానేసింది. ముసలిదైపోయింది పాపం."

అవును మరి, తోలు అంత పలచబడ్డాక ఇంకేం మాట్లాడుతుంది. కానీ సంచి మాట్లాడటం! ఇన్నాళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదే.

గురువారం

అక్క ఫోన్. బావగారి గోడౌన్‌లో గేటు దగ్గర కూర్చునే మనిషి మానేశాడట. "మీ ఆయన్ని రమ్మనవే, ఈ వయసులో ఆ దడదడలు ఎందుకు, హాయిగా ఫ్యాను కింద కుర్చీ" అంది. చూద్దాంలే అని పెట్టేశా. తీరా చూస్తే బావగారు నిన్ననే షెడ్డుకి వచ్చి ఆయనతో చెప్పి వెళ్ళారట.

అన్నం కలుపుతూ ఆయనే అన్నారు. "ఈ మడ్‌గార్డ్ కుదిరితే సరే. కుదరకపోతే షెడ్డు తాళం ఇచ్చేసి మీ బావగారి గోడౌన్‌లో కుర్చీ వేసుకుంటా."

"ఒక్క పని చెడితే షెడ్డు మూసేస్తారా ఎవరైనా?"

"ఒక్కటి కాదు. ఈ మడ్‌గార్డ్‌కే రెండు రేకులు చిరిగాయి. నీకు చెప్పలేదు."

ఈయన రేకు చిరగడమా? పెళ్ళి భోజనానికి వెళ్ళినా స్టీలు గ్లాసు అంచు వేలితో నొక్కి "ఇది నేనైతే ఇలా మడవను" అనే మనిషి. ఊరికే కూర్చోబెడితే మోకాళ్ళ మీద వేళ్ళతో దరువు వేస్తూనే ఉంటారు. ఈయన్ని గేటు పక్కన కుర్చీలో పడేస్తే వారం తిరక్కుండా మంచం పడతారు. నాకు తెలుసు, రాసిపెట్టుకోవచ్చు. రాసిపెడుతున్నాగా.

కాబట్టి సంచి మాట్లాడి తీరాలి.

శుక్రవారం

తోలు కొట్టుకి వెళ్ళి గేదెతోలు తెచ్చా. కొట్టాయన "ఇంత మందంతో ఏం కుడతావమ్మా, గుర్రానికి చెప్పులా?" అన్నాడు. నవ్వాడు కదా అని ఒక మైనం ముద్ద ఊరికే తీసుకుని వచ్చేశా.

తోలు నానబెట్టా, గుండ్రంగా కోశా, ఆరెతో బెజ్జాలు పొడిచా. రెండు సూదులు, ఒకే దారం, ఇటునుంచొకటి అటునుంచొకటి. ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది. బొటనవేలు కమిలింది గానీ కుట్టు మాత్రం అచ్చు గుద్దినట్టు వచ్చింది. పక్కన గరాటు దూరేంత మూతి వదిలా. వీధి చివర కడుతున్న ఇంటి మేస్త్రీని అడిగి ఒక బకెట్ ఇసక తెచ్చి, జల్లించి, పోసి, కర్రతో కూరి, మళ్ళీ పోసి, మళ్ళీ కూరా. గట్టిగా, బిగుతుగా, ఎక్కడా ఒక్క ముడత లేకుండా. నా చేతి సంచిలో ముడత ఉంటే నాకు తిన్నది అరగదు.

టీ తాగుతారా అని వంటింట్లోంచి గొంతు చించుకున్నా. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆ హ్యాండ్‌బ్యాగ్ మాట మీద నేను ముఖం మాడ్చుకున్నానని ఎదురు అలక కాబోలు. ఈ వయసులో అలకలు!

శనివారం

నవ్వుతారు ఎవరైనా చదివితే. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నా.

నా సంచిని షెడ్డులో గురువుగారి నాటి కొయ్యమొద్దు మీద పెట్టారు. చుట్టూ తిరిగి చూశారు. "చూడ్డానికి మాత్రం రాజాలా ఉంది" అన్నారు. రేకు పెట్టి ఒక్కటిచ్చారు. సుత్తి ఎగిరి వెనక్కొచ్చి ఆయన చెవి పక్కనుంచి పోయింది. రెండో దెబ్బకి కుట్టు బెజ్జాల్లోంచి బుస్సున దుమ్ము లేచింది. మూడో దెబ్బ వేయలేదు, తుమ్ములు మొదలయ్యాయి. ఆయన తుమ్ముతున్నారు, నేను తుమ్ముతున్నా.

"ఎంత కూరావోయ్? ఇది సంచి కాదు, బండ."

"ముడత పడకూడదని..."

"ముడత పడాలి! పిడికిలితో గుద్దితే గుంట పడాలి, గుంట అలాగే ఉండాలి. ముప్పాతిక కన్నా ఎక్కువ నింపకూడదు. ఖాళీ లేకపోతే ఇసక ఎక్కడికని తప్పుకుంటుంది?"

నాకు ఆ సంగతి తట్టనే లేదు. నిండుగా ఉంటేనే మంచి సంచి అని నలుగురికీ నేర్పిన దాన్ని. ఇంటికి వస్తూ దారంతా ఆలోచించా. ఖాళీ ఉంటేనే పనికొచ్చే సంచి. ఎంత బాగుంది ఈ సంగతి.

ఆదివారం

ఇవాళంతా ఇసకతోనే. ఇంటావిడని కదా, బియ్యం కడిగినట్టు కడిగా. మొదటి నీళ్ళు మట్టి, రెండో నీళ్ళు టీ రంగు, ఇలా కడగ్గా కడగ్గా తేటనీళ్ళు వచ్చాయి. ఆ దుమ్మే నిన్న మమ్మల్ని తుమ్మించింది. డాబా మీద ఆరబోసి, అది చాలక వంటింట్లో పెద్ద మూకుట్లో వేయించా. తడి ఉంటే తోలు కుళ్ళుతుంది, రేకు తుప్పు పడుతుంది. వేగిన ఇసక గరిటెకి నీళ్ళలా జారుతుంటే చూస్తూ ఉండిపోయా. అక్క వీడియో కాల్ చేసి "ఏం వండుతున్నావే?" అంది. "ఇసక వేపుడు" అన్నా. పెట్టేసింది.

మూతి కుట్టు విప్పి పాతదంతా పారబోసి, కొత్తది ముప్పాతిక పోశా. కుట్టు మీద మైనం రుద్దా. చివర్లో దారం అయిపోయింది, కొట్టు మూసి ఉంది. చెప్పులకి వాడే ఎర్ర దారం ఒక పోగు ఉంటే దాంతోనే కానిచ్చా. చిన్న ఎర్ర గాటులా కనిపిస్తోంది, ఫరవాలేదు.

టీవీ సౌండు ఎంత పెట్టారంటే పక్కవాటా ఆవిడ గోడ తట్టింది. రిమోట్ పాడైనట్టుంది. కొత్త బ్యాటరీలు వేయాలి.

సోమవారం

గుంట పడుతోంది, దుమ్ము లేవడం లేదు, సుత్తి ఎగరడం లేదు. నాకు గాల్లో తేలినట్టుంది. ఆయన కాసేపు కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టి, సుత్తి కింద పెట్టేశారు.

"అన్నీ బానే ఉన్నాయి. కానీ మూగగా ఉందోయ్. ఏమీ చెప్పడం లేదు."

మంగళవారం

ఇసక మార్చా. ఇంకాస్త సన్నది. మూగే.

బుధవారం

కొంచెం తీశా. కొంచెం కలిపా. మూగే.

రిమోట్‌కి కొత్త బ్యాటరీలు వేశా. ఏం మారలేదు.

గురువారం

విసుగొచ్చి ఒక చిలిపి పని చేశా. నిన్న రాత్రి "మళ్ళీ మార్చి తెస్తా" అని సంచి ఇంటికి తెచ్చా కదా. ఏమీ చేయలేదు. వేలైనా పెట్టలేదు. పొద్దున అదే సంచి, అదే ఇసక, అదే కుట్టు, తీసుకెళ్ళి మొద్దు మీద పెట్టి, "ఈసారి చూడండి, కొత్త రకం ఇసక, దూరం నుంచి తెప్పించా" అన్నా.

ఆయన సంచిని ఒకసారి చుట్టూ తిప్పి చూసుకున్నారు. రేకు పెట్టి నాలుగు దెబ్బలు వేశారు. నా ముఖంలోకి చూశారు.

"ఆఁ, ఇప్పుడు మాట్లాడుతోంది" అన్నారు.

నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని బయటికొచ్చేశా. సందు మలుపు దాకా నవ్వుకుంటూ వచ్చా. అక్కడ ఆగిపోయా.

నిన్న మూగ అన్నది ఇవాళ మాట్లాడిందంటే...

ఏమీ రాయాలని లేదు.

శుక్రవారం

చెవిలో గులిమి అయి ఉంటుంది. షెడ్డులో దుమ్ము తక్కువా మరి.

శనివారం

మూడో రేకు కూడా అంచు దగ్గర చిట్లింది. ఆయన నాకు చెప్పలేదు, కారు వెనక్కి తోసేస్తుంటే చూశా. టోపీ పెద్దాయన వచ్చి వెళ్ళాడు. "తొందరేం లేదు బాబూ, నెలాఖరు అంటే నెలాఖరే" అన్నాడు. తొందర లేదట!

ఆయన స్టూలు మీద కూర్చుని మడ్‌గార్డ్ అట్టముక్క నమూనా కేసి చూస్తున్నారు. నేను వెనకాల వెళ్ళి నిలబడి మామూలు గొంతుతో, "ఏవండీ, మీ చొక్కాకి నిప్పంటుకుంది" అన్నా.

ఆయన శ్రద్ధగా గోరు కొరుక్కుంటున్నారు.

ఆదివారం

గులిమి కాదు.

రిమోట్ కాదు. అలక కాదు. ఆ పాత సంచి ముసలిదైపోవడం కూడా కాదు. ఆయనకి వినపడటం లేదు. నాకు ఎప్పట్నించో తెలుసనుకుంటా, తెలిసే బ్యాటరీలు కొన్నా. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదాలు చూసి సరిపెట్టేసుకుంటున్నారు. ఇన్నేళ్ళ దడదడలకి ఆ చెవులు అరిగిపోయాయి, ఆ సంచి మధ్యలో తోలు అరిగినట్టు.

చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? ఈ పని చెవితో చేసేది అని ఆయనే అన్నారు. రేపే తాళం, ఎల్లుండి కుర్చీ. సంచి పాడైతే సంచి కుట్టి ఇస్తా. ఇది పాడైతే ఏం కుట్టను?

ఏడుపొచ్చింది. ఏడ్చా. వంటింట్లో కాబట్టి ఉల్లిపాయల మీదకి తోసేశా. అసలు నేను గట్టిగానే ఏడవచ్చు, వినపడదు. ఇలా రాసుకున్నాక మళ్ళీ ఏడుపొచ్చింది.

సోమవారం

ఒక పిచ్చి పని చేశా. పిచ్చి పనే గానీ రాసుకోవాలి.

ఆయన బజారుకి వెళ్ళాక షెడ్డు నుంచి సంచీ, కొయ్యసుత్తీ, చిట్లిన రేకూ ఇంటికి తెచ్చుకున్నా. అసలు వినపడకపోతే ఎలా ఉంటుందో చూద్దామని రెండు చెవుల్లో దూది కుక్కుకుని, దానిమీద చలికాలపు టోపీ లాక్కుని, నేల మీద కూర్చున్నా. లోకమంతా గోడ అవతలికి వెళ్ళిపోయింది. మొదట భయమేసింది. తర్వాత సరే ఎలాగూ కూర్చున్నా కదా అని సంచిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చిట్లిన రేకుముక్క ఒకటి పైన పెట్టి, కొయ్యసుత్తితో కొట్టా. ఏదో దూరంగా ఎవరో తలుపు వేసినట్టు, అంతే. అన్ని దెబ్బలూ ఒకేలా. నిజంగానే మూగ సంచి.

కొడుతూనే ఉన్నా. కొడుతుంటే కొడుతుంటే, మోకాలికి ఏదో తెలిసింది.

ఒక దెబ్బ మోకాలి లోపలికి దిగి ఆగిపోయింది. పక్క దెబ్బ జివ్వున పాకి పోయింది. నేననుకోవడమేమో అని కళ్ళు మూసుకుని మళ్ళీ కొట్టా. దిగింది. పక్కకి జరిపి కొట్టా. జివ్వుమంది. రేకు ఎత్తి చూస్తే, దిగినచోట కింద ఇసక ఆనుకుని ఉంది. జివ్వుమన్నచోట వేలు దూరేంత ఖాళీ.

ధప్. డంగ్. రెండూ మోకాళ్ళకి వినపడుతున్నాయి!

అమ్మో. దూది తీయకుండానే గదంతా తిరిగేశా. పక్కవాటా ఆవిడ గడపలో నిలబడి ఏదో అంటోంది, నోరు మాత్రమే కదులుతోంది. ఎర్రటి ఎండలో చలి టోపీ పెట్టుకుని, చేతిలో సుత్తి పట్టుకుని గెంతుతున్న ఆడదాన్ని చూసి ఏమనుకుందో ఏమో.

ఎందుకు మోకాలికి? ఆయన సంచి ఎత్తు మొద్దు మీద, నడుం దాకా ఉంటుంది. ఆయన నిలబడి కొడతారు. దెబ్బ మొద్దులోంచి నేలలోకి పోతుంది, మనిషికి ఏమీ అందదు. నా మోకాళ్ళు సంచిని కరుచుకుని ఉన్నాయి. అదీ సంగతి. పక్కల తోలు ఇంత మందం కాకుండా ఇంకా పలచగా ఉంటేనో?

మంగళవారం

పైనా కిందా గేదెతోలే. మధ్యలో చుట్టూ జానెడు వెడల్పు పట్టీ, మెత్తటి మేకతోలు. తలగడలా కాదు, డోలులా ఉంటుంది. మోకాళ్ళు ఆనేచోట రెండు వైపులా కొంచెం లోపలికి నొక్కుకుపోయేలా కోశా. మందం తోలునీ మెత్తని తోలునీ కలిపి కుట్టడం తల ప్రాణం తోకకొచ్చే పని. మెత్తనిది చిరుగుతుంది, మందందేమో సూదిని తిననివ్వదు. మధ్యలో సన్నటి తోలు వారు పెట్టి మూడూ కలిపి కుడితే అప్పుడు కుదిరింది.

తోలు కొట్టాయన "ఈసారి ఏంటమ్మా, గాడిదకి చెప్పులా?" అన్నాడు. "కాదు, చెవులు" అన్నా. అర్థం కాలేదు పాపం.

గురువారం

నింపా. విప్పా. తీశా. నింపా. ప్రతిసారీ చెవుల్లో దూది పెట్టుకుని కొట్టి చూస్తున్నా. ఇసక మరీ సన్నదైతే దెబ్బని మింగేస్తుంది, మోకాలికి రానివ్వదు. కొంచెం గరుకుది కలపాలి. ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు, ఇసకలో కూడా ఇన్ని గుణాలుంటాయని.

పాత సంచిలో దొరికిన చొక్కా గుండీ కూడా పోశా. అదేం చేస్తుందో తెలీదు. ఉండనీ.

శుక్రవారం

ఆయన స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని షెడ్డుకి పరిగెత్తి, పక్క వడ్రంగి చేత ఆ మొద్దుని సగానికి కోయించా. వడ్రంగి "ఆయనకి తెలుసా?" అన్నాడు. "తెలియబోతుంది" అన్నా.

ఆయన వచ్చి చూశారు. గురువుగారి మొద్దు, పొట్టిగా. నోట మాట రాలేదు. ఆ తర్వాత వచ్చింది, చాలా వచ్చింది. అవన్నీ ఇక్కడ రాయను. తుఫాను కాస్త తెరిపిచ్చాక ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ, "సంచి పెద్దది చేశా, అందుకని మొద్దు చిన్నది చేశా. కూర్చుని కొట్టండి. మోకాళ్ళతో పట్టుకోండి" అన్నా.

"కూర్చుని కొట్టేది వెండి పనివాళ్ళోయ్."

"ఒక్కసారి. నా మీద ఒట్టు."

గొణుక్కుంటూ స్టూలు లాక్కున్నారు. సంచి మోకాళ్ళ మధ్యకి సరిగ్గా సరిపోయింది, ఆయన పంట్లాలు నేను కొలిచి కుట్టినవేగా, ఆ కొలత నాకు తెలీదా. రేకు పెట్టారు. కొట్టారు. కొట్టారు. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో చేయి గాల్లోనే ఆగిపోయింది.

మళ్ళీ అక్కడే కొట్టారు. రేకు కాస్త జరిపి కొట్టారు. కళ్ళు మూసుకున్నారు. అరచేత్తో ఇసకని ఇటు తోసి, మళ్ళీ కొట్టారు. అలా ఎంతసేపు కొట్టారో. నేను పెద్ద కత్తెర పట్టుకుని ఏదో కోస్తున్నట్టు నటిస్తున్నా, చేతిలో కోయడానికి ఏమీ లేదు.

సుత్తి పక్కన పెట్టి, మోకాలి మీద చెయ్యి వేసుకుని అడిగారు. "నీకు ఎప్పట్నించి తెలుసు?"

ఇంక దాచి ఏం లాభం. ఆ గురువారం సంగతి చెప్పేశా. సంచి మార్చకుండానే తెచ్చి మార్చానని చెప్పానని, ఆయన మాట్లాడుతోంది అన్నారని, అక్కడ తెలిసిపోయిందని.

ఆయన నవ్వారు. సంచి పగిలాక మొదటిసారి నవ్వారు. "పిచ్చిదానా. మూతి దగ్గర ఎర్ర పోగు వేశావు కదా. విప్పి కుట్టినప్పుడల్లా దాని ముడి చోటు మారేది, ఆ రోజు తిప్పి చూస్తే నిన్నటి చోటే ఉంది. నువ్వు మార్చలేదని నాకు అప్పుడే తెలుసు."

"మరి మాట్లాడుతోందని ఎందుకన్నారు!"

"నీ బొటనవేలు చూశా. కమిలి నల్లగా అయిపోయింది. ఇంకోసారి నీ చేత కుట్టించబుద్ధి కాలేదు. బాగుందనేస్తే వదిలేస్తావు కదా అని."

నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలీదు. ఇంత తెలివిగా పరీక్ష పెట్టాననుకుంటే, ఆ పరీక్షలో తేలింది నా బొటనవేలి సంగతా! "అయితే ఆ రోజు వినపడిందా, లేదా? అది చెప్పండి ముందు."

ఆయన నవ్వు ఆగింది. సంచి మీద ఇసకని అరచేత్తో సర్దుతూ అన్నారు. "వినపడుంటే అబద్ధం చెప్పే పనేముందోయ్."

నేను వెళ్ళి ఆయన పక్కన, స్టూలు అంచు మీద కూర్చున్నా. బరువుకి స్టూలు కిర్రుమంది. నాకు వినపడింది.

ఆదివారం

సెలవు లేదు. కొడుతున్నారు.

బుధవారం

కొడుతున్నారు. చిరగలేదు.

అక్క ఫోన్ చేసింది, కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట. బావగార్ని కాసేపు కూర్చోమన్నా.

శనివారం

మడ్‌గార్డ్ కారుకి బిగించారు. పక్క మడ్‌గార్డ్‌తో కలిపి ఆయన అరచేత్తో నిమిరారు, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, కళ్ళు మూసుకుని. ఎక్కడా చెయ్యి ఆగలేదు. టోపీ పెద్దాయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, వేళ్ళ కణుపులతో దానిమీద టకటకా కొట్టి "ఆహా, ఎలా మోగుతోందో!" అన్నాడు. ఆయన నాకేసి చూశారు. నేను తలూపా. అప్పుడు ఆయన పెద్దాయనతో, "మోగక ఏం చేస్తుందండీ మరి" అన్నారు, అంతా తానే విన్నట్టు.

చెవుల డాక్టరు దగ్గరికి వచ్చే వారం వెళ్తున్నాం. ముందు రానన్నారు. మొద్దు మళ్ళీ అతికించమంటారా అన్నా. వస్తానన్నారు.

తాళం మేకుకే వేలాడుతోంది.

సోమవారం

కొత్త పని వచ్చింది, ఎవరిదో పాత స్కూటర్ ముందు భాగం. మధ్యాహ్నం టీ తీసుకెళ్ళా. ఆయన వీపు ఇటు పెట్టి, సంచిని మోకాళ్ళ మధ్య కరుచుకుని, రేకు మీద వంగి గుర్తులు పెట్టుకుంటున్నారు. ఇదివరకైతే గుమ్మంలోంచే గొంతు చించుకునేదాన్ని. ఇవాళ చప్పుడు చేయకుండా వెళ్ళి, పక్కనుంచి చెయ్యి చాపి, సంచి మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టా. అంతే. నోరైనా మెదపలేదు.

ఆయన వెనక్కి తిరక్కుండానే, "వస్తున్నానోయ్, ఎందుకలా అరుస్తావు?" అన్నారు.